పాలించేది కొద్దిమందే... తలుపు తీసి ఉందా, లేదా?

బీటెక్ చదివిన వాళ్లకి పారెటో పేరు కొత్త కాదు. క్వాలిటీ కంట్రోల్ పాఠంలోనో, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లోనో ఎవరో ఒకరు బోర్డు మీద 80-20 అని రాసే ఉంటారు. నూటికి ఎనభై లోపాలు ఇరవై కారణాల నుంచే వస్తాయి, ముందు ఆ ఇరవై సంగతి చూడండి అని చెప్పే ఉంటారు. ఆ సూత్రానికి పారెటో పేరు తగిలించింది జోసెఫ్ జురాన్ అనే క్వాలిటీ నిపుణుడు. పారెటో అంతకంటే పెద్ద మాట ఇంకొకటి చెప్పాడు. అది మాత్రం మనకి ఏ సెమిస్టర్‌లోనూ రాదు.

విల్‌ఫ్రెడో పారెటో (1848-1923) మనలాగే ఇంజినీర్. ఇటలీలోని ట్యూరిన్‌లో చదివాడు. రైల్వే కంపెనీలో, ఆ తర్వాత ఇనుము కంపెనీలో ఉద్యోగం చేశాడు. నలభై దాటాక ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ అయ్యాడు. అక్కడి నుంచి సమాజశాస్త్రంలోకి వెళ్లాడు. చివరికి ఆయన తేల్చిందేంటంటే, రాజు ఉన్నా పార్లమెంటు ఉన్నా పాలించేది కొద్దిమందే. కాలం గడిచేకొద్దీ ఆ కొద్దిమంది ఎవరన్నది మారుతుంది. కొద్దిమంది పాలించడం మాత్రం మారదు.

దీన్ని ఎలైట్ సిద్ధాంతం అంటారు. సివిల్స్‌కి సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు ‘పవర్ ఎలైట్’ పేరుతో దీన్ని సిలబస్‌లో చూసే ఉంటారు. పరీక్షల గొడవ లేకపోయినా సరే, త్రిపురాంతకం, యర్రగొండపాలెం, దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు వైపు పుట్టి పెరిగిన కుర్రాళ్లు దీన్ని ఒకసారి చదవాలంటాను. ఎందుకంటే మన దగ్గర టీ కొట్టు దగ్గర రాజకీయం మొదలైతే రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, ‘ఎవడొచ్చినా అంతే బ్రో’. రెండోది, ‘మా అన్న రానీ, అన్నీ సెట్ అయిపోతాయి’. మొదటి మాట అన్నవాడు బెంగళూరు బస్సెక్కుతాడు. రెండో మాట అన్నవాడు ఫ్లెక్సీ కడతాడు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ రెండు మాటల్లో సగం సగం నిజం ఉంది. ఆ సగం నిజం ఏంటో, మిగతా సగం అబద్ధం ఎక్కడుందో చూద్దాం.

ముగ్గురు చెప్పిన ఒకటే సంగతి

పారెటోతో పాటు ఇంకో ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. గయెటానో మోస్కా అనే ఇటలీ న్యాయశాస్త్రవేత్త 1896లో ఒక పుస్తకం రాశాడు. ఆయన అడిగిన ప్రశ్న చాలా సింపుల్. ఎక్కువమంది ఉన్నవాళ్లు తక్కువమంది మాట ఎందుకు వింటారు? జవాబు కూడా సింపులే. తక్కువమంది ఒక జట్టుగా ఉంటారు. ఎక్కువమంది ఎవరికి వాళ్లుగా ఉంటారు.

మన ఊరి లెక్కలో చెప్పుకుందాం. చెరువులో చేపల వేలం ఉంది. పదిమంది రాత్రే కూర్చుని ఎవరు పాడాలి, ఎంతకి ఆపాలి, మిగతావాళ్లకి ఏం ముట్టజెప్పాలి అని మాట్లాడుకున్నారు. ఊళ్లో రెండువేల ఓట్లు ఉన్నాయి. కానీ ఆ రెండువేల మంది వేలం సంగతి మర్నాడు సాయంత్రం తెలుసుకుంటారు. ఇక్కడ పదిమంది గెలవడానికి కత్తులు అక్కర్లేదు, ఒక రాత్రి ముందుగా కలిస్తే చాలు.

మోస్కా ఇంకో మాట కూడా చెప్పాడు. పాలించేవాళ్లు ఊరికే పాలించరు, మేమే ఎందుకు పాలించాలో చెప్పే ఒక కథ కూడా తయారుచేస్తారు. ఒకప్పుడు ఆ కథలో దేవుడు, వంశం ఉండేవి. ఇప్పుడు ప్రజాసేవ, అభివృద్ధి, సంక్షేమం ఉంటాయి. కథ ఉంది కాబట్టి అది అబద్ధమని కాదు. కథ ఎవరు చెబుతున్నారో, చెప్పినదానికి ఎంతవరకు కట్టుబడుతున్నారో గమనించాలని.

మూడోవాడు రాబర్ట్ మిచెల్స్. 1911లో ఆయన జర్మనీ సోషల్ డెమోక్రాట్ల పార్టీని పట్టి చూశాడు. కార్మికుల కోసం, సమానత్వం కోసం పుట్టిన పార్టీ అది. అలాంటి పార్టీలో కూడా అధికారం చివరికి కొద్దిమంది నాయకుల దగ్గరే చేరిందని చూపించాడు. సంస్థ పెద్దదయ్యేకొద్దీ లెక్కలు, ఫైళ్లు, ఉపన్యాసాలు, పత్రిక నడపడం లాంటివి చేతనైనవాళ్లు కావాలి. ఆ పనులు చేసేవాళ్లు కుర్చీకి అతుక్కుంటారు. మామూలు సభ్యుడికి టైమూ ఉండదు, సమాచారమూ ఉండదు. దీనికి ఆయన పెట్టిన పేరే ‘అల్పజనపాలన ఉక్కు సూత్రం’.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే వికీలు ఉన్నాయి కదా, అక్కడ అందరూ సమానమే అనుకుంటాం. ఆరన్ షా, బెంజమిన్ మాకో హిల్ అనే ఇద్దరు పరిశోధకులు 683 వికీలను పరిశీలించి 2014లో ఒక పేపర్ వేశారు. వికీ పెరిగేకొద్దీ మొదట్లో వచ్చిన కొద్దిమందే పట్టు బిగించుకుంటున్నారని తేలింది. మిచెల్స్ సూత్రం సర్వర్ల మీద కూడా పనిచేస్తోందన్నమాట. మీ కాలేజీ వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు ఎవరో, వాళ్లు ఎప్పటి నుంచి ఉన్నారో ఒకసారి చూసుకోండి.

త్రిపురాంతకం రాయి మీద

పారెటో దీనికి ఇంకో మెట్టు చేర్చాడు. పాలకవర్గాలు శాశ్వతం కావు. కిందినుంచి చురుకైనవాళ్లని పైకి రానిస్తే ఆ వర్గం కొంతకాలం నిలబడుతుంది. తలుపులు మూసుకుంటే లోపల కుళ్లిపోయి, బయటివాళ్ల చేతిలో కూలిపోతుంది. కొందరు సింహాల్లా బలంతో పాలిస్తారు, కొందరు నక్కల్లా తెలివితో పాలిస్తారు. ఒకరి తర్వాత ఒకరు వస్తూ ఉంటారు.

ఇది చదవడానికి ఇటలీ దాకా వెళ్లక్కర్లేదు. మన త్రిపురాంతకేశ్వరాలయం శాసనాలు చాలు. కాకతీయ గణపతిదేవుని కాలంలో పైకొచ్చిన కుటుంబాల్లో కాయస్థులు ఒకరు. గంగయ సాహిణి ఆ ఇంటివాడే. సాహిణి అంటే అశ్వదళ నాయకుడు. గణపతిదేవుడు వాళ్లకి పెద్ద ప్రాంతం మీద అధికారం ఇచ్చాడు. ఆ ఇంట్లోనే తర్వాత వచ్చిన అంబదేవుడు రుద్రమదేవికి ఎదురు తిరిగాడు. 1290లో త్రిపురాంతకంలో శాసనం వేయించి, తాను ఎవరెవరిని ఓడించిందీ ఏకరువు పెట్టాడు. అంతకు ముందే, 1289లో, రుద్రమదేవి కన్నుమూసిందని చందుపట్ల శాసనం చెబుతోంది. అంబదేవునితో యుద్ధంలోనే ఆమె మరణించిందని చాలామంది చరిత్రకారుల ఊహ. తర్వాత ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. 1291లో అదే త్రిపురాంతకంలో అంబదేవుడి చివరి శాసనం కనిపిస్తుంది. అదే ఏడాది, అదే చోట, కాకతీయుల అధికారి ఇందులూరి అన్నయ శాసనమూ కనిపిస్తుంది.

అంటే ఒకే గుడి, ఒకే సంవత్సరం, రెండు వేర్వేరు అధికారాలు. పారెటో చెప్పిన ‘పాలకుల మార్పిడి’కి ఇంతకంటే తేటగా ఉదాహరణ దొరకదు. ఒకటి గమనించండి. అంబదేవుడు బయటినుంచి ఊడిపడలేదు. పై వర్గమే పెంచి పోషించిన కుటుంబం అది. ఇప్పటి రాజకీయాల్లో కూడా పార్టీని చీల్చేది, కొత్త పార్టీ పెట్టేది చాలాసార్లు లోపలివాళ్లేనని మీకు గుర్తు రావాలి.

ఇంకోటి కూడా చూడండి. 1290లోనూ 1291లోనూ కొండ కింద దుక్కి దున్నినవాడు ఒకడే. పైన పేరు మారిందని వాడి పన్ను తగ్గి ఉంటుందని నాకైతే అనిపించదు. పాలకులు మారడం వేరు, పాలన మారడం వేరు. ‘ఎవడొచ్చినా అంతే’ అన్న మాటలో ఉన్న సగం నిజం ఇదే.

కరణం పోయాడు, మరి?

మిగతా సగం అబద్ధమని నేను ఎందుకంటున్నానో ఇప్పుడు చెబుతాను. కాకతీయుల కాలానికీ మనకీ తేడా ఉంది. తలుపుల్ని చట్టం పెట్టి తెరిచిన సందర్భాలు మన దగ్గరే ఉన్నాయి.

మీ తాతగారిని అడగండి, ఊళ్లో మునసబు, కరణం అంటే ఏంటో చెబుతారు. భూమి ఎవరిదో రాసే పుస్తకం కరణం దగ్గర ఉండేది. ఆ కలం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. మద్రాసు ప్రభుత్వం 1895లో చేసిన చట్టమే ఆ వారసత్వానికి ఆధారం. 1960లో గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. ప్రభుత్వ ఉద్యోగంలో పుట్టుక ఆధారంగా తేడా చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతోంది, గ్రామాధికారి పదవికీ అదే వర్తిస్తుందని తేల్చింది. అయినా ఆ వ్యవస్థ ఊళ్లలో ఇంకా నడిచింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవుల్నే రద్దు చేసింది.

ఆ ఎన్టీఆర్ రావడం కూడా పారెటో లెక్కలోనే చూడొచ్చు. 1982 మార్చి 29న పార్టీ పెట్టాడు. 1983 జనవరిలో 294 స్థానాల్లో 200కు పైగా గెలిచాడు. కాంగ్రెస్ పెద్దల తలుపు దగ్గర ఏళ్ల తరబడి నిలబడినవాళ్లు, అసలు రాజకీయాల్లోనే లేని కుర్రాళ్లు ఒక్కసారిగా ఎమ్మెల్యేలు అయ్యారు. అది నిజంగా తలుపు తెరుచుకోవడమే. తర్వాత పదేళ్లలో ఆ కొత్తవాళ్లలో చాలామంది పాతవాళ్లు అయ్యారు. అదీ నిజమే.

ఇంకా వెనక్కి వెళితే మన పాత జిల్లాకి పేరిచ్చిన మనిషే ఉన్నాడు. టంగుటూరి ప్రకాశం తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి కొడుకుని చదివించింది. ఆ కొడుకు బారిస్టర్ అయి, మద్రాసు ముఖ్యమంత్రి అయి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. 1960లో దామోదరం సంజీవయ్య దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన కర్నూలు జిల్లా పెద్దపాడులో పేద కుటుంబంలో పుట్టినవాడు. అప్పటికి మార్కాపురం, గిద్దలూరు కూడా ఆ జిల్లాలోనే ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాం. ఒక్కో మనిషి పైకెక్కడం సాధ్యమే అనడానికి వీళ్లు సాక్ష్యం. అయితే ఒకరు ఎక్కితే వెనకవాళ్లకి మెట్లు కట్టినట్టేనా? అక్కడే అసలు పేచీ.

టికెట్ ఊరిస్తుందా, పార్టీ ఇస్తుందా?

త్రిపురాంతకం మండలం యర్రగొండపాలెం నియోజకవర్గంలో ఉంది. పునర్విభజన తర్వాత 2009 నుంచి అది ఎస్సీ రిజర్వుడు స్థానం. రిజర్వేషన్ లేకపోతే ఇక్కడి దళితులు అసెంబ్లీలో అడుగు పెట్టడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ తలుపు తెరవడం గొప్ప విషయమే.

కానీ తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడండి. మన పాత ప్రకాశం జిల్లాలోనే ఒక నాయకుడు 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికల్లో మూడు రిజర్వుడు నియోజకవర్గాల నుంచి పోటీ చేశారు. ఆయన తప్పేం లేదు, ఎవరైనా అలాగే చేస్తారు. అయితే ఎక్కడ నిలబడాలో నిర్ణయించింది ఆ ఊరి జనం కాదు. ఏ పార్టీ తీసుకున్నా అంతే. బీ ఫారం పైనుంచి వస్తుంది. పార్టీలో అంతర్గత ఎన్నికలు కాగితం మీదే. దీనికి 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం తోడైంది. విప్ ధిక్కరిస్తే సీటే పోతుంది. డబ్బుకి అమ్ముడుపోవడాన్ని ఆపాలని తెచ్చిన చట్టం, మనసులో మాట చెప్పే ఎమ్మెల్యేని కూడా ఆపేసింది. ఇది ఒక్క పార్టీని అంటున్న మాట కాదు. మిచెల్స్ ఇవాళ వస్తే మన పార్టీ ఆఫీసుల్లో కూర్చుని రెండో పుస్తకం రాసేవాడు.

పంచాయతీ దగ్గర కూడా ఇదే. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రంలో సగం పదవులు మహిళలకే. మంచిదే. అయితే మండల ఆఫీసులో ‘సర్పంచ్ గారు వచ్చారు’ అంటే వచ్చింది ఆవిడా, ఆవిడ భర్తా అని మీరు చాలాసార్లు తల తిప్పి చూసే ఉంటారు. తలుపు తెరవడం చట్టం పని. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చోవడం ఇంకా పెద్ద పని.

మన దగ్గరి ఎలైట్ ఎవరు?

ఈ ప్రశ్నకి తెలుగు నేల మీద నిలబడి జవాబు చెప్పినవాడు కె. బాలగోపాల్. పౌరహక్కుల నాయకుడిగా మీకు తెలిసి ఉండొచ్చు. వరంగల్ ఆర్ఈసీలో, అంటే ఇప్పటి ఎన్ఐటీలో, గణితంలో పీహెచ్‌డీ చేశాడు. కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. 1987లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాసి, కోస్తా నుంచి పైకొస్తున్న ఒక ఆస్తిపర వర్గాన్ని వర్ణించాడు. క్లుప్తంగా ఆయన మాటల సారం ఇది. ఊళ్లో పొలం ఉంటుంది, కూలీలతో సేద్యం సాగుతుంది. ఆ మిగులుతో టౌన్‌లో వ్యాపారం, ఫైనాన్స్, సినిమా హాలు, కాంట్రాక్టు. పిల్లలకి పెద్ద చదువులు. ఒక కాలు పొలంలో, ఒక కాలు పట్నంలో, చెయ్యి రాజకీయంలో. పారెటో, మోస్కా చెప్పిన ‘కొద్దిమంది’కి ఇక్కడి ముఖం ఇది. ఏ కులాల్లో ఈ వర్గం బలంగా ఉందో తెలుగువాళ్లకి వేరే చెప్పాలా?

ఆ వ్యాసం వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది. ఆ కుటుంబాల తర్వాతి తరం ఇంజినీరింగ్ కాలేజీలు పెట్టింది, అమెరికా వెళ్లింది, కంపెనీలు పెట్టింది, తిరిగొచ్చి ఎన్నికల్లో నిలబడుతోంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశంలోకెల్లా ఎక్కువ ఆస్తులు ప్రకటించిన అభ్యర్థి గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్. ఆయన డాక్టర్, యూవరల్డ్ అనే ఆన్‌లైన్ విద్యా సంస్థ స్థాపకుడు. అఫిడవిట్‌లో చూపిన కుటుంబ ఆస్తులు 5,700 కోట్ల పైనే. కష్టపడి సంపాదించడం నేరం కాదు. కానీ మొత్తం లెక్క చూడండి. ఏడీఆర్ సంస్థ అఫిడవిట్లు కూడితే, 2009 లోక్‌సభలో 58 శాతం ఎంపీలు కోటీశ్వరులు. 2024లో 93 శాతం, అంటే 543 మందిలో 504 మంది. మన రాజ్యాంగం ఓటు వేయడానికి ఆస్తి అడగదు. నిలబడి గెలవడానికి మాత్రం లోకం అడుగుతోంది.

వెలిగొండ చెప్పే పాఠం

ఎలైట్ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. రాబర్ట్ డాల్ అనే అమెరికన్ 1961లో న్యూహేవెన్ అనే పట్టణాన్ని పట్టుకుని, ఒక్కో నిర్ణయం ఎవరు చేశారో విడివిడిగా చూశాడు. స్కూళ్ల సంగతి ఒకరు, పట్టణ పునర్నిర్మాణం ఇంకొకరు, పార్టీ టికెట్లు మరొకరు తేలుస్తున్నారని, అన్నింటినీ నడిపే ఒకే గుంపు లేదని అన్నాడు. మరుసటి ఏడాదే బక్రాక్, బరాట్జ్ అనే ఇద్దరు ఆయనకి ఎదురు ప్రశ్న వేశారు. చేసిన నిర్ణయాలు సరే, అసలు చర్చకే రాని విషయాల సంగతేంటి? చర్చకు రానివ్వకపోవడం కూడా అధికారమే కదా?

పశ్చిమ ప్రకాశం వాళ్లకి ఈ ప్రశ్న అర్థం కావడానికి ఒక్క మాట చాలు. వెలిగొండ. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల నీళ్లు నల్లమల కింద నుంచి తేవాలి. ఒక్కోటి సుమారు 19 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాలు. 4.47 లక్షల ఎకరాలకి సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు లక్ష్యం. 1996లో శంకుస్థాపన. 2024 మార్చిలో సొరంగాల ప్రారంభోత్సవం. అప్పటికి కూడా నిర్వాసితుల పునరావాసం, కాలువల పనులు మిగిలే ఉన్నాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లాడు బీటెక్ పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి, పెళ్లి కూడా చేసుకుని ఉంటాడు.

ఇంజినీర్‌గా చెబుతున్నాను, అడవి కింద అంత పొడవు సొరంగం తవ్వడం తేలిక కాదు. అయినా 28 ఏళ్లకి రాయి ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేను. ఈ మధ్యలో అన్ని పెద్ద పార్టీలూ అధికారంలో ఉన్నాయి. మేం వద్దన్నాం అని ఏ పార్టీ అనలేదు. అయితే ప్రతి బడ్జెట్‌లోనూ మాకంటే ముందు ఎవరో ఒకరు వరసలో నిలబడ్డారు. ఎందుకు? మోస్కా జవాబు గుర్తుందా? నీళ్లు కావాల్సినవాళ్లు లక్షల్లో ఉన్నారు, కానీ చెల్లాచెదురుగా ఉన్నారు. సగంమంది వలసలో ఉన్నారు. హైదరాబాద్‌లో సిమెంటు పనిలో ఒకరు, బెంగళూరులో కోడింగ్‌లో ఒకరు. నీళ్లున్న ప్రాంతాల వాళ్లు జట్టుగా ఉన్నారు, ఆయకట్టు సంఘాలున్నాయి, వాళ్ల మనుషులు కేబినెట్‌లో ఉన్నారు. ఈ ప్రాజెక్టుకి కమ్యూనిస్టు నేత పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టుకున్నంత తేలిగ్గా ఆయనలా జనాన్ని జట్టు కట్టించలేకపోయాం.

ఒకే సిద్ధాంతం, రెండు దారులు

ఇంతదాకా చదివాక ‘చూశావా, నేను చెప్పలా, ఎవడొచ్చినా అంతే’ అంటారేమో. అలా అనేముందు ఆ సిద్ధాంతం రాసినవాళ్లు చివరికి ఏమయ్యారో వినండి.

మిచెల్స్ మొదట సోషలిస్టు. సొంత పార్టీల్లో ప్రజాస్వామ్యం లేదని చూసి విసిగిపోయాడు. ప్రజాస్వామ్యమే కుదరని పని అనుకున్నాడు. 1920లలో ముస్సోలినీ పార్టీలో చేరాడు. అందరూ దొంగలే అనుకున్నవాడు చివరికి ఒక్క బలమైన మనిషి చాలు అన్న చోటికి చేరుకున్నాడు. మన టీ కొట్టు దగ్గర వినిపించే రెండు మాటలు చూడ్డానికి ఎదురెదురుగా ఉంటాయి. మిచెల్స్ జీవితంలో ఆ రెండూ ఒకే రోడ్డు మీద వెనకా ముందూ వచ్చాయి.

మోస్కాది ఇంకో దారి. పార్లమెంటుని జీవితమంతా ఏకి పారేసినవాడు ఆయన. కానీ 1925లో ముస్సోలినీ ప్రభుత్వం పార్లమెంటుకి జవాబుదారీ లేకుండా చేసే బిల్లు తెచ్చినప్పుడు, సెనేట్‌లో లేచి దాన్ని వ్యతిరేకించాడు. కొద్దిమందే పాలిస్తారన్న తన మాట మీద ఆయన చివరిదాకా నిలబడ్డాడు. ఆ కొద్దిమందికి అడ్డు నిలిచే ఇంకో కొద్దిమంది ఉండాలని, వాళ్లని అడిగే చోటు ఒకటి మిగలాలని ఆయనకి అప్పుడు అర్థమైంది.

నా అభిప్రాయం కూడా మోస్కా వైపే. పాలకులే లేని సమాజం కోసం ఎదురుచూస్తే వెలిగొండ కంటే ఆలస్యం అవుతుంది. మనం అడగాల్సినవి మూడు ప్రశ్నలు. తలుపు తీసి ఉందా? లోపలున్నవాళ్లు ఒకే గుంపా, ఒకరినొకరు అడ్డుకునే పలు గుంపులా? లోపల రాసుకునే లెక్క బయటివాళ్లకి కనబడుతుందా? ఈ మూడింటికీ అవునన్న జవాబు ఎంత దగ్గరపడితే అంత ప్రజాస్వామ్యం ఉన్నట్టు.

కొత్త కరణాలు మనమే

చాలామందికి నచ్చని మాట ఒకటి చెబుతాను. ఈ కొద్దిమందిలో మనం కూడా ఉన్నాం. కరణం కలం ఇప్పుడు కంప్యూటర్‌లోకి వచ్చింది. అడంగల్, వన్‌బీ అన్నీ ఆన్‌లైన్. 2019 అక్టోబర్ నుంచి ఊరూరా సచివాలయాలు వచ్చాయి. వాటిలో డిజిటల్ అసిస్టెంట్, ఇంజినీరింగ్ అసిస్టెంట్ పోస్టుల్లో కూర్చున్నది ఎవరు? బీటెక్, డిప్లొమా చదివిన మనవాళ్లే. పార్టీల వార్ రూముల్లో సర్వేలు చేసేది, ఓటర్ల జాబితాలు జల్లెడ పట్టేది, రీల్స్ కట్ చేసేది ఎవరు? వాళ్లూ మనవాళ్లే. ఏ దరఖాస్తు ‘పెండింగ్’లో ఉండాలో, ఏ పేరు ‘అనర్హుల’ జాబితాలో పడాలో తేల్చే సాఫ్ట్‌వేర్ రాసేది మన క్లాస్‌మేటే.

ఒక ముసలాయన పింఛను ఎందుకు ఆగిందని అడిగితే ‘సిస్టమ్ తీసుకోవట్లేదు తాతా’ అని చెప్పడం చాలా తేలిక. పాత కరణం కూడా దాదాపు అదే మాట అనేవాడు. పుస్తకంలో లేదు పొమ్మనేవాడు. సిస్టమ్ ఎందుకు తీసుకోవట్లేదో, ఏ గడిలో ఏ తప్పుందో, ఎవరికి అర్జీ పెడితే సరిచేస్తారో ఒక కాగితం మీద రాసిచ్చినవాడు కొత్త రకం అధికారి. జీతం ఒకటే, సీటు ఒకటే. తేడా అంతా ఆ కాగితంలో ఉంది. మీరు ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడు ప్యాకేజీతో పాటు ఈ సంగతి కూడా కొంచెం ఆలోచించండి.

ఇక చేయాల్సింది

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక మంచి పని గుర్తుచేస్తాను. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాది నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలుపెట్టారు. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థ కూడా వచ్చింది. కూలీ కుటుంబాల్లో చదువుకున్న కుర్రాళ్లకి, అమ్మాయిలకి శిక్షణ ఇచ్చి మస్టర్లు చదవడం నేర్పారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి, ‘నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నిజమేనా?’ అని అడిగారు. తర్వాత అందరి ముందూ ఆ లెక్క గట్టిగా చదివారు. దొంగతనం మొత్తం ఆగలేదు, రావాల్సిన డబ్బంతా తిరిగి రాలేదు. కానీ రాసినవాడు వినేవాళ్ల ముందు నిలబడాల్సి వచ్చింది. జట్టు లేని ఎక్కువమందికి కాసేపైనా ఒక జట్టు దొరికింది. మోస్కా చెప్పిన చిక్కుకి మన ఊళ్లు కనిపెట్టిన మందు ఇది.

మీరు చేయగలిగినవి కూడా ఇలాంటి చిన్న పనులే. ముందుగా డాల్ చేసిన పని మీ మండలంలో చేయండి. గత రెండేళ్లలో జరిగిన మూడు నిర్ణయాలు తీసుకోండి. ఒక రోడ్డు, ఒక చెరువు వేలం, ఒక రేషన్ డీలర్ నియామకం. ఒక్కోదాన్ని ఎవరు అడిగారు, ఎవరు సంతకం పెట్టారు, పని ఎవరికి దక్కింది అని రాసుకోండి. మూడు చోట్లా ఒకే పేర్లు వస్తే మీ ఊళ్లో పవర్ ఎలైట్ ఎవరో తెలిసినట్టే. వేర్వేరు పేర్లు వస్తే ఊరు మీరు అనుకున్నదానికంటే బాగుందన్నమాట.

వివరాలు తెలియకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ ఎమ్మెల్యే, ఎంపీ అఫిడవిట్లు ఎన్నికల సంఘం సైట్‌లో ఉన్నాయి. ఐదేళ్ల కిందటిదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చదవండి. తిట్టడానికీ పొగడడానికీ ముందు లెక్క చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకోటి, ఒంటరిగా వెళ్లకండి. ఒక్కడు అర్జీ పెడితే ఆఫీసులో వాడికి ‘పనీపాటా లేనోడు’ అని పేరొస్తుంది. ఐదుగురు కలిసి, నెలనెలా, ఒకే విషయం మీద, గొంతు పెంచకుండా వెళితే అదే ఆఫీసు కుర్చీ వేస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్లు గ్రామసభకి వెళ్లండి. హైదరాబాద్, బెంగళూరులో ఉన్నవాళ్లు పోర్టల్ చూసి, లెక్కలు డౌన్‌లోడ్ చేసి, ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుగులో సర్ది పంపండి. పంపేముందు రెండుసార్లు సరిచూసుకోండి. ఒక్క తప్పు అంకె పది నిజాల పరువు తీస్తుంది.

ఆ ఐదుగురూ రేపు ఇంకో చిన్న ఎలైట్ అవుతారు కదా అని మీరు అడగొచ్చు. అవుతారు. అందుకే మొదటి రోజే ఒక నియమం పెట్టుకోండి. లెక్క రాసే పుస్తకం ఎవరి దగ్గరా ఏడాదికి మించి ఉండకూడదు. ఏడాది తిరగ్గానే కొత్తవాడికి, వీలైతే ఇంతకు ముందు ఎప్పుడూ పుస్తకం ముట్టని ఇంటివాడికి, ఇవ్వాలి.